కొండదారి పట్టిన ఆడవాళ్ళు

క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దంలో గ్రీసు దేశాన్ని ఒక యుద్ధం కుదిపేస్తోంది. ఫోకిస్ పాలకులు డెల్ఫీ ఆలయాన్ని పట్టుకున్నారు. అంఫిస్సా అనే ఊరు వాళ్ళ పక్షాన చేరింది కాబట్టి ఆ ఊరి నిండా సైనికులే. ఒక రాత్రి కొందరు ఆడవాళ్ళు దారి తప్పి ఆ ఊళ్ళోకి వచ్చారు. వాళ్ళు డయోనిసస్ అనే ద్రాక్షమద్యపు దేవుడి భక్తురాళ్ళు. కొండల్లో ఆడి పాడి, ఒంట్లో సత్తువ ఉడిగి, ఇంకా పూనకం పూర్తిగా దిగకుండానే బజారు నడిమధ్య ఎక్కడివాళ్ళక్కడ ఒరిగి నిద్రపోయారు. చుట్టూ సైన్యం. ఆ సంగతి తెలిసిన అంఫిస్సా స్త్రీలు ఇళ్ళలోంచి పరుగున వచ్చారు. నిద్రపోతున్నవాళ్ళను లేపలేదు, పలకరించలేదు. వాళ్ళ చుట్టూ వలయంగా నిలబడ్డారు, అంతే. తెల్లవారి ఒక్కొక్కరూ మేలుకున్నాక దగ్గరికి వెళ్ళి తిండి పెట్టారు. తర్వాత ఇంట్లో మగవాళ్ళను ఒప్పించి, పొలిమేర దాకా వెంట నడిచి సాగనంపారు.

ఈ సంగతి రాసిపెట్టినవాడు ప్లూటార్క్. స్త్రీల గుణగణాల మీద తాను రాసిన పుస్తకంలో చెప్పాడు. ఆ పుస్తకాన్ని ఆయన ఉద్దేశించింది క్లీయా అనే స్నేహితురాలిని. ఆమె డెల్ఫీలో ఆ భక్తురాళ్ళ బృందానికి నాయకురాలు, చదువుకున్న మనిషి. కాబట్టి పూనకం వచ్చే స్త్రీల గురించి ప్లూటార్క్ దూరంనుంచి విన్న పుకారు రాయలేదు. వాళ్ళ పెద్దను ఎదుట కూర్చోబెట్టుకుని రాశాడు.

నెల్లూరు సీమలో, 1990ల మొదట్లో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దించిన కార్యకర్తల జ్ఞాపకార్థం ఏర్పాటైన ఈ సభలో రెండున్నర వేల ఏళ్ళ నాటి గ్రీకు స్త్రీల ప్రస్తావన ఎందుకన్న ప్రశ్న సహజమే. ఇళ్ళు వదిలి గుంపుగా బయటికి వచ్చిన ఆడవాళ్ళను చూసి ఒళ్ళు మరిచారని తేల్చేయడం అక్కడా జరిగింది, సారా మీద తిరగబడ్డ ఇక్కడి ఆడవాళ్ళ విషయంలోనూ జరిగింది. ఆ మాట అన్నవాళ్ళు రెండు చోట్లా బయట నిలబడ్డవాళ్ళే. లోపల ఉన్నవాళ్ళకు తాము చేస్తున్నది ఏమిటో తెలుసు. ఈ ఉపన్యాసం చెప్పదలచింది ఆ లోపలి సంగతి.

గ్రీకులో డయోనిసస్ భక్తురాళ్ళను మీనాడ్‌లు అన్నారు. ఉన్మాదం అనే అర్థమున్న ధాతువునుంచి వచ్చిన మాట అది. బాకస్ అన్నది డయోనిసస్‌కు మరో పేరు కాబట్టి బాకేలు అని కూడా పిలిచారు. కుండల మీద, పాలరాతి మీద వాళ్ళ బొమ్మలు వందలకొద్దీ దొరికాయి. జింకపిల్ల తోలు కట్టుకుని, జుట్టు విరబోసుకుని, తల వెనక్కి వాల్చి ఉంటారు. చేతిలో థిర్సస్ అనే కర్ర ఉంటుంది. సోపుజాతి మొక్క కాడకు ఐవీ తీగ చుట్టి, కొసన పైన్‌కాయ గుచ్చితే అదే థిర్సస్. మరో చేతిలో డప్పు, కొన్ని బొమ్మల్లో పాము. మన ఊరి జాతరలో వేపమండ, పసుపునీళ్ళు, పంబ జోడి చూసినవాళ్ళకు ఆ బొమ్మ కొత్తగా తోచదు.

వాళ్ళ గురించి లోకం చదివిన పెద్ద కథ యూరిపిడీస్ నాటకం ‘బాకే’. చివరి రోజుల్లో మాసిడోనియా రాజు ఆస్థానంలో ఉండి రాశాడు. ఆయన పోయాక క్రీ.పూ. 405 ప్రాంతంలో ఏథెన్స్‌లో ఆడితే మొదటి బహుమతి వచ్చింది. స్త్రీ పాత్రలన్నీ వేసింది మగవాళ్ళే.

కథ థీబ్స్ నగరంలో జరుగుతుంది. డయోనిసస్ తల్లి సెమెలే ఆ ఊరి ఆడపిల్లే. ఆమె కన్న బిడ్డ దేవుడి బిడ్డ కాడని అక్కచెల్లెళ్ళే చాటింపు వేశారు. అందుకని దేవుడు ఆ ఊరి స్త్రీలందరినీ మగ్గాలనుంచి, కదుళ్ళనుంచి లేపి కిథైరాన్ కొండకు తరిమాడు. రాజు పెంథియస్ కుర్రవాడు. ఆడవాళ్ళు కొండ మీద తాగి తందనాలాడుతున్నారని, చాటుమాటు వ్యవహారాలకే భక్తి పేరు పెట్టుకున్నారని అతని నమ్మకం. కళ్ళతో చూసింది లేదు. అయినా సంకెళ్ళు సిద్ధం చేశాడు.

అప్పుడు కొండమీదినుంచి ఒక పశులకాపరి వచ్చి చూసింది చూసినట్టు చెబుతాడు. నాటకం మొత్తానికి ఆ ఘట్టమే గుండెకాయ. తెల్లవారుజామున ఆడవాళ్ళు మూడు బృందాలుగా చెట్ల కింద ఒద్దికగా నిద్రపోతున్నారట. మీరనుకున్నట్టు తాగి లేరని రాజు ముఖానే అంటాడు. లేచాక జుట్టు భుజాల మీదికి వదులుకున్నారు. ఇంటి దగ్గర పసిబిడ్డల్ని వదిలి వచ్చిన బాలింతలు జింకపిల్లలకు పాలిచ్చారు. ఒకామె రాతిని కొడితే నీళ్ళు చిమ్మాయి. మరొకామె కర్ర గుచ్చిన చోట ద్రాక్షమద్యం ఊరింది. పాలు కావాలన్నవాళ్ళు వేళ్ళతో నేల గీకారు. మద్యపు దేవుడి కొండ మీద మద్యానికి దక్కిన చోటు అంతే. నీళ్ళు, పాలు, తేనెలతో పాటు అదొకటి.

మరి హత్యలు, చీల్చడాలు ఎక్కడ మొదలయ్యాయి? కాపరులు పొదల్లో మాటు వేసి, రాజు మెప్పు కోసం రాజమాత అగావేను పట్టుకోబోయినప్పుడు. అప్పటిదాకా ప్రశాంతంగా ఉన్న కొండ ఒక్కసారిగా భగ్గుమంది. పశువులు ముక్కలయ్యాయి. దిగువ పల్లెల మీద పడ్డారు. ఆ వరసను యూరిపిడీస్ కావాలనే పెట్టాడనిపిస్తుంది. ముందు శాంతి, తర్వాత మాటు, ఆ పైన బీభత్సం.

పెంథియస్ చివరికి చూడాలన్న యావతో ఆడవేషం కట్టి కొండెక్కుతాడు. చెట్టుకొమ్మ మీద కూర్చున్నవాణ్ణి కన్నతల్లే సింహమనుకుని చీల్చేస్తుంది. కొడుకు తల పట్టుకుని ఊళ్ళోకి గర్వంగా వస్తుంది. ఆమె తండ్రి కాడ్మస్ ఆకాశం వైపు చూడమని, భర్త పేరేమిటో, కొడుకు పేరేమిటో చెప్పమని నెమ్మదిగా అడుగుతూ ఆమెకు తెలివి తెప్పిస్తాడు. పూనకం దిగే ఆ కొద్ది నిమిషాలను అంత జాలిగా రాసినవాడు మరొకడు లేడు.

నాటకం పక్కన పెట్టి శాసనాలు చూస్తే ఉన్మాదం కన్నా క్రమశిక్షణ ఎక్కువ కనిపిస్తుంది. చిన్న ఆసియాలోని మిలేటస్‌లో క్రీ.పూ. 276 నాటి శాసనం పూజారిణి హక్కులను లెక్కగా చెబుతుంది. అదే ఊళ్ళో ఆల్క్‌మియోనిస్ అనే నాయకురాలి సమాధిరాయి ఉంది. బాకేలను కొండకు నడిపించింది ఆమేనని, నగర భక్తురాళ్ళు ఆమెకు వీడ్కోలు చెప్పాలని దాని మీద రాశారు. పార్నాసస్ కొండకు డెల్ఫీ, ఏథెన్స్ స్త్రీలు ఏడాది విడిచి ఏడాది చలికాలంలో వెళ్ళేవారు. ఒకసారి మంచుతుపానులో చిక్కుకున్నవాళ్ళను వెతకడానికి వెళ్ళిన మనుషుల దుప్పట్లు కర్రల్లా బిగుసుకుపోయాయని ప్లూటార్కే రాశాడు. తాగి తూలేవాళ్ళు చేసే ప్రయాణం కాదది.

రోములో కథ ఇంకోలా నడిచింది. క్రీ.పూ. 186లో సెనేట్ ఈ పూజల మీద విరుచుకుపడింది. ఏడు వేలమందికి పైగా ఇరుక్కున్నారని చరిత్రకారుడు లివీ లెక్క చెప్పాడు. శిక్షపడిన స్త్రీలలో చాలామందిని బంధువులకే అప్పగించారు, ఇంట్లోనే శిక్ష అమలు చేయమని. ఆ ఉత్తర్వు చెక్కిన కంచుపలక 1640లో ఇటలీలోని తిరియోలోలో బయటపడింది. ఇప్పుడు వియన్నాలో ఉంది. అనుమతి లేనిదే మొక్కు తీర్చకూడదని, అనుమతి దొరికినా ఇద్దరు మగవాళ్ళు, ముగ్గురు ఆడవాళ్ళను మించి గుమికూడరాదని దాని సారం. సెనేట్ భయమంతా గుంపు గురించే.

ఆ రోము బంగారం నెల్లూరు మట్టిలోనూ దొరికింది. 1780ల్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలికి ఇటుకకట్టు తగిలింది. తవ్వితే చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. చాలావరకు కరిగించేశారు. ముప్ఫైకి పైగా నాణేలు మాత్రం అప్పటి నవాబు కుటుంబం చేతికి దక్కాయి. వాటిలో ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తుల ముఖాలు, రాణి ఫాస్టినా ముఖం ఉన్నాయని మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్ రాసిన లేఖ ఏషియాటిక్ సొసైటీ సంపుటంలో అచ్చయింది. ఇదే తీరంలో ఇంకా దక్షిణాన, పుదుచ్చేరి పక్కనున్న అరికమేడులో మధ్యధరా ద్రాక్షమద్యం వచ్చిన జాడీల ముక్కలు దొరికాయి. నాగార్జునకొండలో, మూడో శతాబ్దపు ఇక్ష్వాకుల రాజధానిలో, కొమ్ముపాత్ర చేతబట్టి నిలబడ్డ గడ్డపు మనిషి శిల్పం ఒకటుంది. అతను డయోనిససేనని కొందరు పండితులు పోల్చారు.

ఇంతవరకు సాక్ష్యం ఉంది. ఇక్కడినుంచి మన జాతర గ్రీసునుంచి వచ్చిందని ఎగరడం తప్పు. మెగస్తనీస్ లాంటి గ్రీకులు డయోనిససే వచ్చి భారతీయులకు తాళాలు, డప్పులు నేర్పాడని రాసుకున్నారు. అయిదో శతాబ్దంలో నానస్ అనే కవి డయోనిసస్ భారత దండయాత్ర మీద 48 సర్గల కావ్యమే రాశాడు. తమ దేవుణ్ణి అందరి ఊళ్ళలోనూ చూసుకోవడం వాళ్ళ అలవాటు. మన పోలేరమ్మకు, గంగమ్మకు, అంకమ్మకు, ముత్యాలమ్మకు పుట్టిల్లు ఇక్కడే. పోలిక మాత్రం నిజం. ఆ పోలిక మనుషులదీ, వాళ్ళ బతుకులదీ.

కనుపూరు ముత్యాలమ్మ జాతరలోనో, వెంకటగిరి పోలేరమ్మ జాతరలోనో, పట్టపుపాళెంలో గంగమ్మ కొలుపులోనో పంబ మోగుతుంటే ఒక స్త్రీ ఒంటిమీదికి అమ్మ వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు పసుపునీళ్ళు పోసి, కర్పూరం వెలిగించి, ‘ఎవరమ్మా నువ్వు, ఏం కావాలి?’ అని అడుగుతారు. నిన్నటిదాకా ఇంట్లో నోరెత్తని కోడలు అత్తమామల్ని పేరు పెట్టి పిలిచి నిలదీస్తుంది. ఊరు తలవంచి వింటుంది. కొలుపులో కల్లు ఉంటుంది, సాకగా పోస్తారు. పూనకానికి కారణం ఆ కల్లు అని ఊళ్ళో ఎవరూ అనరు. అది అమ్మ వాటా.

నెల్లూరు ప్రాంతంలో పనిచేసిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ ఎల్మోర్ ద్రావిడ దేవతల మీద 1915లో ఒక పుస్తకం తెచ్చాడు. అందులో మాతంగి గురించి వివరంగా ఉంది. మాతంగి మాదిగ స్త్రీ. జాతరనాడు కల్లు పుక్కిలించి జనం మీద ఉమ్ముతుంది, పెద్దకులాలవాళ్ళను తిడుతుంది, వాళ్ళ మడిని తొక్కుకుంటూ నడుస్తుంది. ఏడాదంతా ఆమె నీడ పడకూడదన్నవాళ్ళు ఆ రోజు ఆ ఉమ్మిని పవిత్రంగా తీసుకుంటారు. ఎంత గొప్ప తలకిందులు! కానీ మరునాటికి ఆమె మళ్ళీ ఊరవతల మనిషే. దేవతకు విడిచిన ఆడపిల్లకు పెళ్ళి లేకుండా చేసి మగవాళ్ళు వాడుకున్న చరిత్ర ఈ గౌరవం వెనకే ఉంది. 1988లో రాష్ట్ర శాసనసభ ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. జాతర అందం చెప్పి ఈ ముక్క దాటేయడం అన్యాయం.

పక్కనే తిరుపతి గంగమ్మ కథ పెంథియస్ కథకు మరీ దగ్గర. కంటబడ్డ ఆడపిల్లనల్లా చెరబట్టిన పాళెగాడు గంగమ్మ మీదా కన్నేశాడు. ఆమె నిజరూపం చూపేసరికి పారిపోయి దాక్కున్నాడు. బైరాగి, బండ, తోటి, దొర అంటూ వేషాలు మార్చుకుంటూ ఆమె వెతికింది. దొర వేషం చూసి బయటికి వచ్చినవాడి తల తెగింది. ఇప్పటికీ కైకాల కులస్థులు ఆ వేషాలు కడతారు. మామూలు మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. థీబ్స్‌లో ఆడవేషం కట్టినవాడు చాటునుంచి చూడటానికి కట్టి చచ్చాడు. తిరుపతిలో చీర కట్టినవాడు అమ్మ ముందు తలవంచడానికి కడతాడు. రెండు ఊళ్ళ మధ్య ఆ తేడా చిన్నది కాదు.

ఇక అసలు సంగతి, సారా.

1980ల్లో ప్రభుత్వం సారాను పాకెట్లలో నింపి ఊరూరా అమ్మించే పథకం పెట్టింది. దానికి వారుణివాహిని అని పేరు. వారుణి అంటే పాలకడలి చిలికినప్పుడు పుట్టిన మద్యదేవత. గీతకార్మికుడు తాటిచెట్టెక్కి దించిన కల్లుకు కాలం, హద్దు ఉండేవి. పాకెట్టుకు ఏ హద్దూ లేదు. పొలం గట్టుకు, కూలి చెల్లించే చోటికి, గుడిసె గుమ్మానికి అదే వెతుక్కుంటూ వచ్చింది. రాష్ట్రానికి అబ్కారీ మీద 1970-71లో వచ్చింది 39 కోట్లు. 1991-92 నాటికి 812 కోట్లు. ఆ పెరుగుదలలో ప్రతి రూపాయీ ఏదో ఒక ఇంటి పొయ్యిమీదినుంచి లేచి వెళ్ళిందే.

అప్పుడు వచ్చాయి రాత్రిబడులు. సంపూర్ణ అక్షరాస్యత కోసం ‘అక్షరదీపం’ పేరుతో నెల్లూరు జిల్లాలో కార్యకర్తలు లాంతర్లు పట్టుకుని పల్లెలకు వెళ్ళారు. వాచకంలో ‘సీతమ్మ కథ’ ఉంది, తాగుబోతు భర్తతో వేగే ఇల్లాలి కథ. పగలంతా నాట్లకో కలుపుకో వెళ్ళి వచ్చిన ఆడవాళ్ళు ఆ కథను అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ చదివారు. చదువుతుంటే అది తమ ఇల్లే. కలిగిరి మండలం దూబగుంటలో మాట చేతలోకి వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు ఒక్కటై ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ముందు నిలబడ్డామె వర్ధినేని రోశమ్మ. ఆ ఊరి సంగతి ‘ఆడవాళ్ళు ఏకమైతే’ అనే పాఠంగా కొత్తగా చదువు నేర్చినవాళ్ళ చేతికి వెళ్ళింది. ఒక ఊరు చేసింది నూరు ఊళ్ళు చదివాయి. ఈ సభ ఎవరి జ్ఞాపకార్థమో ఆ కార్యకర్తల చేతులమీదుగానే ఆ పుస్తకాలు తిరిగాయి.

1992 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో జిల్లా అంతా కదిలింది. ఊరి పొలిమేరల్లో వంతులేసుకుని కాపలా కాశారు. కొడవళ్ళు, చీపుళ్ళు, కారప్పొడి పట్టుకున్నారు. దొరికిన పాకెట్లు నేలమీద పోసి తగలబెట్టారు. తాగి వచ్చినవాడికి అన్నం పెట్టేది లేదన్నారు. సారా పాటలు జరగాల్సిన నాడు నెల్లూరుకు వచ్చి కూర్చున్నారు. వేలంపాట ఒకసారి కాదు, పదేపదే వాయిదా పడింది. ‘ఈనాడు’ పత్రిక ‘సారాపై సమరం’ పేరుతో ప్రత్యేకంగా పేజీ కేటాయించింది. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1994 డిసెంబరులో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి. రామారావు మొదటి సంతకం మద్యనిషేధం మీద పెట్టారు. 1995 జనవరి 16నుంచి అమలైంది, 1997లో సడలిపోయింది. సారా పాకెట్టు మళ్ళీ రాలేదు. దాని చోటు సీసా తీసుకుంది.

ఆ రోజుల్లో వేదికలమీద వాళ్ళను దుర్గలన్నారు, కాళికలన్నారు, శివాలెత్తారన్నారు. పొగడ్తే. కానీ అందులో పెంథియస్ చూపు కొంచెం ఉంది. తాగి ఆడుతున్నారన్నాడు అతను. దేవత పూని ఆడుతున్నారన్నారు వీళ్ళు. రెండు మాటల్లోనూ ఆ ఆడవాళ్ళు కూర్చుని ఆలోచించిన సంగతి మాయమైంది. వాళ్ళు చేసింది లెక్క. మగవాడి కూలి ఎంత, ఇంటికి చేరింది ఎంత, దుకాణానికి పోయింది ఎంత. హైదరాబాదులోని అన్వేషి పరిశోధకులు పల్లెలకు వచ్చి ఆ ఆడవాళ్ళ మాటలు విని 1993 జనవరిలో ప్రచురించిన వ్యాసంలో ఈ ఇంటిలెక్కలు, కూలిలెక్కలు కనిపిస్తాయి. కాళిక అవతారం అలాంటి లెక్కలు వేయదు.

గ్రీకు స్త్రీకి గడప దాటడానికి దేవుడి పిలుపు కావాల్సి వచ్చింది. మన జాతరలో కోడలికి నోరెత్తడానికి అమ్మ పూనకం కావాల్సి వచ్చింది. 1992లో నెల్లూరు ఆడవాళ్ళు గడప దాటింది ఏ పేరూ అడ్డం పెట్టుకోకుండా, ఒంటిమీద తెలివితో. పూనకం ఒక రాత్రిది, మర్నాడు మగ్గం దగ్గరికో పొయ్యి దగ్గరికో తిరిగి రావాల్సిందే. కాపలా మాత్రం రోజూ కాయాలి. కాశారు కూడా, పగలు కూలి మానకుండానే. అంఫిస్సా బజారులో చుట్టూ నిలబడ్డ స్త్రీలకు వీళ్ళు దగ్గరివాళ్ళు.

చిన్న ఆసియాలోనే మాగ్నీషియా అనే ఊరుంది. అక్కడ డయోనిసస్ పూజ నెలకొల్పడానికి డెల్ఫీ దైవవాణి చెప్పినట్టు థీబ్స్‌నుంచి ముగ్గురు మీనాడ్‌లను తెచ్చుకున్నారు. వాళ్ళ పేర్లు కోస్కో, బౌబో, థెట్టలే. ఎవరు ఏ బృందాన్ని కట్టారో, చనిపోయాక ఎవరిని ఎక్కడ పూడ్చారో ఆ ఊరు రాతి మీద చెక్కించింది. కోస్కో తన పేరు పడ్డ గుట్ట మీద, థెట్టలే నాటకశాల దగ్గర.

నెల్లూరు సీమలో మనకు మిగిలిన పేరు ప్రధానంగా ఒక్కటి. రోశమ్మ 2016లో కన్నుమూసింది. 1992లో ముప్ఫై ఏళ్ళున్న స్త్రీకి ఇప్పుడు అరవై దాటాయి, యాభై ఉన్నవాళ్ళలో చాలామంది లేరు. ఏ ఊళ్ళో ఏ రాత్రి ఎవరు కాపలా ఉన్నారు, ఎవరి గుడిసెలో బడి నడిచింది, ఎవరు లాంతరు పట్టారు అన్నది ఆ ఊళ్ళ ముసలివాళ్ళ నోళ్ళలోనే ఉంది. కలిగిరి, వింజమూరు, ఉదయగిరి వైపునుంచి మొదలుపెట్టి సముద్రపు ఒడ్డు పాళేల దాకా ఎవరైనా నోటుపుస్తకం పట్టుకుని వెళితే ఇంకా రాసుకోవచ్చు. ఊరి పేరు, మనిషి పేరు, ఆ రాత్రి ఆమె ఏం చేసింది. మొదటి పేజీలో దూబగుంట ఉంటే చాలు, రెండో పేజీకి పేర్లు చెప్పేవాళ్ళు పొరుగూళ్ళోనే దొరుకుతారు.